సిఫారసు, చప్పట్లు, బొటనవేలు

ఖమ్మం నుంచి కోదాడ వెళ్ళే దారిలో నేలకొండపల్లి వస్తుంది. ఆ ఊరు రాగానే బస్సులో కిటికీ పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు కొందరు చేతులు జోడిస్తారు. గోపన్న పుట్టిన ఊరు మరి. కంచర్ల గోపన్న, మనందరి రామదాసు. భద్రాచలం గుడి కట్టించడం, గోల్కొండ చెరసాల, పన్నెండేళ్ళ శిక్ష, చివరికి రామలక్ష్మణులు మారువేషంలో తానీషా దగ్గరకు వచ్చి పైకం కట్టి వెళ్ళడం... ఈ కథ మనకు ఉగ్గుపాలతో పట్టించిందే. అందులో ఒక చిన్న ముక్క మాత్రం మనం పెద్దగా పట్టించుకోం. అసలు గోపన్నకు ఆ ఉద్యోగం ఎలా వచ్చింది?

మేనమామల సిఫారసుతో. గోల్కొండను 1672 నుంచి 1687 దాకా ఏలిన అబుల్ హసన్ కుతుబ్‌షా, అంటే మన కథల్లోని తానీషా కొలువులో అక్కన్న, మాదన్న పెద్ద పదవుల్లో ఉన్నారు. వాళ్ళ మాట మీద మేనల్లుడికి పాల్వంచ పరగణా తహసీల్దారీ దక్కిందని కథలన్నీ చెబుతాయి. ఇవాళ్టి పిల్లల భాషలో చెప్పాలంటే అది "రెఫరల్".

అదే కథలో రెండో సిఫారసు కూడా ఉంది. చెరసాలలో ఉన్న రామదాసు రాముణ్ణి వేడుకుని, విసిగి, చేయించిన నగలకు ఎంతెంత ఖర్చయిందో ఒక్కొక్కటీ లెక్క చెప్పి దెప్పిపొడిచి, ఆఖరికి సీతమ్మ వైపు తిరుగుతాడు. నా గురించి ఆయనకు ఒక్క మాట చెప్పమ్మా అంటాడు. ఇంట్లో పని జరగాలంటే ముందు ఇల్లాలి చెవిన వెయ్యాలని ఆయనకూ తెలుసన్నమాట!

ఈ రెండు సిఫారసుల్లోనూ చెప్పేవాళ్ళెవరో తెలుసు. చెప్పించుకునేవాడెవరో చెప్పేవాళ్ళకు తెలుసు. మేనల్లుడు సర్కారు సొమ్ముకు లెక్క చెప్పలేకపోతే నిండు కొలువులో తల దించుకోవాల్సింది మేనమామలే. ఒక మనిషి కోసం ఇంకో మనిషి మాట ఇవ్వడమంటే తన పరువు కొంచెం కుదువ పెట్టడమే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, మా అక్క కూతురు వల్ల.

అక్కా వాళ్ళది బూర్గంపాడు వైపు, అడవి అంచున ఒక ఊరు. బావగారికి చిన్న కిరాణా కొట్టు. పిల్ల ఖమ్మంలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది, ఆదివారాలు మా ఇంటికి వస్తుంది. వచ్చిన దగ్గర్నుంచీ ఫోను టింగుటింగుమంటూనే ఉంటుంది. ఓ రోజు పొద్దున్నే దోసెలు పోస్తుంటే పక్కకొచ్చి నిలబడింది.

"పిన్నీ, నువ్వు కూడా లింక్డ్‌ఇన్‌లో ఒక అకౌంట్ తెరువు. రోజుకు ఐదు నిమిషాలు చాలు, నా పోస్టు కింద కామెంట్ పెడుదువు గానీ."

"మీ కోడింగు సంగతి నాకేం తెలుసే?"

"తెలవాల్సిన పని లేదు పిన్నీ. 'చాలా ఉపయోగకరమైన పోస్టు, థాంక్స్ ఫర్ షేరింగ్' అని పెడితే చాలు."

అప్పుడు తెలిసింది, దాని ఫోనులో ఆ టింగుటింగులు దేనివో. నలభై మూడు మందితో ఒక వాట్సాప్ గ్రూపు. ఎవరైనా లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టగానే లింకు గ్రూపులో వేస్తారు. గంటలోపు మిగతా నలభై రెండు మందీ వెళ్ళి లైకు కొట్టి, కనీసం ఐదు మాటల కామెంట్ పెట్టాలి. చదవనక్కర్లేదు. ఒకమ్మాయి లెక్క రాస్తుంది. మూడుసార్లు తప్పితే గ్రూపు నుంచి తీసేస్తారు. దీన్ని "పాడ్" అంటారట. ఉద్యోగాలకు తయారుచేసే ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్ళే ఈ గ్రూపు కట్టించారు. కోర్సు ఫీజులో ఇదీ భాగమేనట.

ఈ సైటు సంగతి తెలియని వాళ్ళకు రెండు మాటలు. లింక్డ్‌ఇన్ 2003లో మొదలైంది, 2016లో మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. ఫేస్‌బుక్‌లో మనం పిల్లల పుట్టినరోజు ఫొటోలు పెట్టుకుంటే, ఇక్కడ ఉద్యోగస్తులు తమ పని గురించి చెప్పుకుంటారు. కంపెనీల వాళ్ళు మనుషుల్ని వెతికేదీ ఇక్కడే. మనం ఏదైనా రాస్తే సైటు ముందు కొద్దిమందికి చూపిస్తుంది. వాళ్ళు స్పందిస్తే ఇంకొంతమందికి చూపిస్తుంది. కాబట్టి మొదటి గంటలో నలభై కామెంట్లు పడితే, ఇదేదో గొప్ప విషయం కాబోలని మిషను అనుకుంటుంది. ఇలా కూడబలుక్కుని లైకులు కొట్టుకోవడం సైటు నియమాలకు విరుద్ధమే. అయినా జరుగుతూనే ఉంటుంది.

నాకైతే వెంటనే చదివింపులు గుర్తొచ్చాయి. పెళ్ళిలో ఒక మూల బల్ల వేసుకుని, ఎర్ర అట్ట పుస్తకంలో పేరూ ఊరూ డబ్బూ రాస్తారు చూడండి, అవి. వాళ్ళు మన పిల్ల పెళ్ళికి ఐదొందలు చదివిస్తే, వాళ్ళింట్లో శుభకార్యానికి మనం పుస్తకం తిరగేసి ఐదొందల పదహార్లు చదివిస్తాం. ఇదీ బదులుకు బదులే. అయితే చదివింపుల పుస్తకం చూసి పెళ్ళికూతురు ఎంత బాగా చదువుకుందో ఎవరూ లెక్కగట్టరు. అది ఖర్చులకు సాయమని అందరికీ తెలుసు. పాడ్‌లో పడిన నలభై రెండు లైకుల్ని మాత్రం ఎక్కడో కూర్చున్న కంపెనీ మనిషి నలభై రెండు మంది సాక్ష్యాలుగా చదువుకుంటాడు. తేడా అక్కడుంది.

ఇది కొత్త రోగమని మాత్రం అనుకోకండి. నాకు పాత సంగతులు చదివే పిచ్చి ఉందని మీకు తెలుసుగా. వెతికితే బోలెడు దొరికాయి.

తెల్లదొరల కాలంలో మద్రాసు వైపు బట్లర్లు, వంటవాళ్ళు, ఆయాలు ఒక దొర ఇంట్లో మానేసి ఇంకో దొర ఇంటికి వెళ్ళేటప్పుడు పాత దొరసాని రాసిచ్చిన కాగితం చేత్తో పట్టుకెళ్ళేవాళ్ళు. దాన్ని "చిట్" అనేవారు. మన చిట్టీయే. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఈ మాటకు ఉత్తరమనే అర్థంతో పాటు, నౌకర్లకు ఇచ్చే యోగ్యతాపత్రమనే అర్థమూ రాశారు. చదవడం రాని ఆయాకు ఆ కాగితాల కట్టే జీవితమంతా చేసిన చాకిరీకి రుజువు. గుడ్డలో చుట్టి, ట్రంకు పెట్టె అడుగున దాచుకునేది.

కాగితానికి అంత విలువ వచ్చాక దాని చుట్టూ వ్యాపారం రాకుండా ఉంటుందా? ఒకరి చిట్లు ఇంకొకరు అరువు తెచ్చుకోవడం, అద్దెకు తీసుకోవడం, బజారులో రాయించుకోవడం మొదలైంది. ఈహా అనే పేరుతో రాసిన ఎడ్వర్డ్ హామిల్టన్ ఐట్కెన్ 1889లో "బిహైండ్ ద బంగళో" అని బంగళా నౌకర్ల మీద ఒక పుస్తకం వేశాడు. ఆ కాలపు దొరసానుల కోసం ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ కలిసి ఇంటి నిర్వహణ మీద ఇంకో పెద్ద పుస్తకం రాశారు. నౌకర్లను ఎలా పెట్టుకోవాలి, ఎలా కనిపెట్టాలి, ఇదే గోల. ఇవన్నీ యజమానుల వైపు నుంచి రాసినవి. ఇంగ్లీషు రాని ఆయా, తన చిట్టీలో ఏం రాశారో తెలియక, "ఇది దొంగది, జాగ్రత్త" అని రాసున్న కాగితాన్నే గర్వంగా ఇల్లిల్లూ చూపించుకు తిరిగిందని నవ్వుతూ చెప్పుకునే కథలున్నాయి. ఆయా వైపు నుంచి ఆ కథ ఎవరూ రాయలేదు. నాకది నవ్వొచ్చే కథగా అనిపించదు.

చిట్టీలది ఉద్యోగం కోసం పుట్టిన దొంగతనం. చప్పట్లది ఇంకా పాతది. రోము చక్రవర్తి నీరో తాను పాడుతుంటే చప్పట్లు కొట్టడానికి 5,000 మందికి పైగా కుర్రాళ్ళను పెట్టుకున్నాడని సూటోనియస్ రాశాడు. ఊరికే కొట్టడం కాదు, తేనెటీగల రొదలాగా ఒకటి, పెంకుల మీద వాన పడ్డట్టు ఒకటి, ఇలా రకరకాల చప్పట్లకు తర్ఫీదు కూడా ఇప్పించాడు.

దాన్ని పక్కా వ్యాపారం చేసింది మాత్రం పారిస్ వాళ్ళు. 1820లో సోతోన్, పోర్షే అనే ఇద్దరు నాటకశాలలకు చప్పట్లు సరఫరా చేసే ఆఫీసే తెరిచారు. దాని పేరుకు తెలుగు చేస్తే "నాటక విజయాల బీమా" అని వస్తుంది. ఆ అద్దె జనాన్ని "క్లాక్" అనేవారు. వాళ్ళలో పని విభజన చూడండి. హాస్యం దగ్గర నవ్వేవాళ్ళు కొందరు. పక్కన కూర్చున్నవాళ్ళతో "ఈ సీను చూశారా, ఎంత బాగుందో!" అనేవాళ్ళు కొందరు. మళ్ళీ పాడమని అరిచేవాళ్ళు కొందరు. శోకం సీనులో చేతిరుమాళ్ళు తీసి ఏడ్చేవాళ్ళు ఇంకొందరు, వాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. ఏడుపు మగవాళ్ళు అద్దెకిస్తే జనం నమ్మరు కాబోలు. 1830ల్లో పారిస్ ఒపేరాలో ఈ దండుకు నాయకుడైన ఓగుస్త్ లెవాసర్ రిహార్సల్స్‌కు వెళ్ళి, ఏ పాటకు ఎంత చప్పట్లో ముందే డైరెక్టరుతో మాట్లాడుకునేవాడు.

నేను ఇది చదివి వినిపిస్తే మా మామయ్యగారు ఒకటే నవ్వు. మన పద్యనాటకాల్లో "వన్స్ మోర్" తెలుసు కదా? కృష్ణుడు రాయబారం పద్యం రాగం తీసి వదిలేసరికి చీకట్లోంచి "వన్స్ మోర్!" అని కేక. హార్మోనియం మళ్ళీ మొదలు. మూడోసారి కూడా పాడించి, కౌరవసభను అర్ధరాత్రి దాటించేవాళ్ళు. మధ్యలో మైకులో "ఫలానా వారు కృష్ణుడి వేషధారికి పది రూపాయలు బహుమతి" అని చదివేవారు. ఆ వన్స్ మోర్‌లలో నూటికి తొంభై నిజమైనవే. మిగతా పదింటికి మాత్రం వేషధారి బావమరిది ముందు వరసలోనే కూర్చుని ఉండేవాడట. "ఊళ్ళో అందరికీ తెలుసమ్మా వాడు బావమరిదని. వాడు అరిస్తే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు" అన్నారు మామయ్యగారు. ఆ మాట బాగా గుర్తుంచుకున్నాను.

తర్వాత సినిమాలొచ్చాయి. 1963లో "లవకుశ" ఆడినప్పుడు పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వెళ్ళినవాళ్ళ కథలు మీ ఇళ్ళల్లో కూడా వినే ఉంటారు. ఆ జనాన్ని ఎవరూ తోలుకురాలేదు. అలాంటి సినిమాల వల్ల "వంద రోజులు" అనే మాటకు విలువ వచ్చింది. విలువ రాగానే మాటను మాత్రం మిగుల్చుకుని సినిమాను వదిలేశారు. తర్వాత తర్వాత ఒక థియేటర్ నుంచి ఇంకో థియేటర్‌కు మార్చి, రోజుకు ఒక్క ఆటతో, ఖాళీ కుర్చీలకు సినిమా చూపించి వందో రోజు పోస్టరు వేసుకోవడం మనందరం చూసిందే. అభిమానులే చందాలేసుకుని టికెట్లు కొన్న సందర్భాలూ ఉన్నాయి. జనం నమ్మడం మానేశాక వంద రోజుల పోస్టరే పోయింది, ఇప్పుడు మొదటి రోజు వసూళ్ళ అంకెలు వచ్చాయి.

రాజకీయ సభల సంగతి ఎక్కువ చెప్పను. పార్టీ ఏదైనా కానివ్వండి, పెద్ద సభంటే డీసీఎం వ్యాన్లు పల్లెలకు వస్తాయి, పొదుపు సంఘాల లీడర్లకు కబురు వస్తుంది. దానికి "జన సమీకరణ" అని గౌరవమైన పేరు కూడా ఉంది. ఎండలో పిల్లల్ని చంకనేసుకుని కూర్చునే ఆడవాళ్ళను నేను తప్పు పట్టను. ఆ రోజు కూలి వాళ్ళకు కావాలి. లెక్కపెట్టేవాడు వాళ్ళను చూసి ఏమనుకుంటున్నాడన్నదే ప్రశ్న.

ఇక ఫోను కాలానికి వద్దాం. ఇప్పుడు బావమరిది కనపడడు.

అమెరికాలో దేవుమి అని ఒక కంపెనీ ఉండేది. ఫాలోయర్లను అమ్మేది. 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దాని గుట్టు బయటపెట్టింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ లెక్క ప్రకారం ట్విట్టర్ ఫాలోయర్ల కోసమే 58,000కు పైగా ఆర్డర్లు వచ్చాయి. నటులు, పాటగాళ్ళు కొన్నారంటే సరే, వాళ్ళ బతుకే చప్పట్ల మీద. అదే కంపెనీ దగ్గర లింక్డ్‌ఇన్ ఫాలోయర్ల కోసం కూడా 800కు పైగా ఆర్డర్లు వచ్చాయి. కొన్నవాళ్ళలో ప్రకటనల కంపెనీలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, బ్యాంకింగ్, పెట్టుబడుల వాళ్ళు ఉన్నారు! మన డబ్బు దాచుకునే చోట నమ్మకాన్ని కూడా కిలోల లెక్కన కొంటున్నారన్నమాట. 2019లో దాని యజమాని మీద 25 లక్షల డాలర్ల తీర్పు వచ్చింది. రెండున్నర లక్షలు కడితే మిగతాది ఆపేస్తామన్నారు. మన దగ్గర వడ్డీ మాఫీ కూడా అంత ఉదారంగా ఉండదు.

2019 మొదటి ఆరు నెలల్లో తాము 2 కోట్ల 16 లక్షల దొంగ ఖాతాలను అడ్డుకున్నామని లింక్డ్‌ఇనే చెప్పింది. ఎక్కువ భాగం గుమ్మం దగ్గరే ఆపేశారట. అయినా లోపలికి వచ్చేవి వస్తూనే ఉంటాయి. 2022లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇద్దరు ఆ సైటులో కంప్యూటర్ తయారుచేసిన మొహాలతో వెయ్యికి పైగా ప్రొఫైళ్ళను కనిపెట్టారు. అనుమానం ఎక్కడ మొదలైందో తెలుసా? వాళ్ళలో ఒకావిడకు వచ్చిన మెసేజ్ పక్కన నవ్వుతున్న అమ్మాయి ఫొటో ఉంది. ఆ అమ్మాయికి ఒక చెవికే కమ్మ ఉంది. జుట్టు కొన్నిచోట్ల మాయమై మళ్ళీ కనిపిస్తోంది. ఒక చెవికే కమ్మ ఉందని ఆడదానికి కాక ఇంకెవరికి కనిపిస్తుంది చెప్పండి!

ఈ దొంగ లోకం వెనుక నిజం మనుషులు కూడా ఉన్నారు. 2017లో థాయిలాండ్ పోలీసులు కంబోడియా సరిహద్దు దగ్గర ఒక అద్దె ఇంటి మీద దాడి చేస్తే వరసగా పేర్చిన నాలుగొందలకు పైగా ఫోన్లు, 3 లక్షల 47 వేల సిమ్ కార్డులు దొరికాయి. లైకులు కొట్టే ఫ్యాక్టరీ అది. మయన్మార్ సరిహద్దులో ఇంకా ఘోరం. మంచి ఉద్యోగమని ఇంటర్నెట్‌లో పిలిచి, పాస్‌పోర్టులు లాక్కుని, అందమైన దొంగ ప్రొఫైళ్ళు నడిపించి జనాన్ని మోసం చేయించే శిబిరాలున్నాయి. 2025 మార్చిలో అక్కడి నుంచి 500 మందికి పైగా భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వాళ్ళలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. దొంగ ప్రొఫైల్‌ను నమ్మి వెళ్ళి, అక్కడ తామే దొంగ ప్రొఫైళ్ళు అయ్యారు.

చట్టాలు మెల్లగా కదులుతున్నాయి. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి వ్యాపారం కోసం దొంగ ఫాలోయర్లను, దొంగ వ్యూస్‌ను అమ్మడం, తెలిసి కొనడం రెండూ నిబంధనలకు విరుద్ధమే. మన దేశంలో 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూలకు ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది కానీ అది పాటించాలనుకున్నవాళ్ళకే. మా పిల్ల గ్రూపు లాంటివి ఇలాంటి వాటికి అంత తేలిగ్గా చిక్కవు. ఆ నలభై మూడు మందీ నిజం మనుషులే. వాళ్ళ వేళ్ళతో వాళ్ళే నొక్కుతున్నారు.

అందులో తప్పేముంది అనుకుంటున్నారు కదూ? పిల్లలు ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు, అంతేగా అని. మా అక్క కూడా అదే అంది. "హైదరాబాద్ పిల్లలకు మేనమామలు, బాబాయిలు కంపెనీల్లో ఉంటారు. మా పిల్లకు ఎవరున్నారే సిఫారసు చేయడానికి?" అంది. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. నిజమే కదా, గోపన్నకు ఉన్నట్టు అందరికీ అక్కన్న మాదన్నలు ఉండరు.

కానీ ఆ నవంబరులో జరిగింది చెబుతాను. పిల్ల, ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి ఒక ప్రాజెక్టు చేశారు. మిరప ఆకును ఫోనుతో ఫొటో తీస్తే ముడత తెగులు పట్టిందో లేదో చెప్పే యాప్. ఖమ్మం మార్కెట్‌లో తేజ మిర్చి బస్తాలు చూసినవాళ్ళకు ఆ పంట విలువ తెలుసు. ముడత పడితే ఆ కుటుంబం సంవత్సరమంతా మునిగినట్టే. ఈ పిల్లలు చేలల్లో తిరిగి వందల ఫొటోలు తీశారు. కాళ్ళకు పల్లేరుకాయలు గుచ్చుకున్నాయని వచ్చి నా దగ్గర కొబ్బరినూనె రాయించుకున్నారు. అంతా అయ్యాక లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టింది. గ్రూపులో లింకు వేసింది. గంటలో నలభై చిల్లర కామెంట్లు. "గ్రేట్ వర్క్", "ఇన్‌స్పైరింగ్", "కీప్ గోయింగ్". పోస్టు చదవడానికి పట్టే సమయం కన్నా ముందే పడ్డాయి కొన్ని.

వాటి మధ్యలో ఎక్కడో ఒక పెద్దాయన, వ్యవసాయ పరిశోధనలో పనిచేసే మనిషి, ఒక ప్రశ్న అడిగాడు. "మీ యాప్ పై ముడతను, కింది ముడతను విడిగా గుర్తుపడుతుందా? ఫొటోలు ఏ నెలలో తీశారు?" అని. తామరపురుగు పడితే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి పడితే కిందికి. మందు వేరు. తప్పు మందు కొడితే డబ్బూ పోతుంది, పంటా పోతుంది. అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఈ పిల్లలు ఆ రెండింటినీ వేరు చేయడానికే రెండు నెలలు తంటాలు పడ్డారు!

ఆ ప్రశ్న మా పిల్ల కంటబడేసరికి పదకొండు రోజులయింది. కీప్ గోయింగుల కింద కప్పడిపోయింది. గబగబా జవాబు రాస్తే ఆయన మర్యాదగానే బదులిచ్చాడు. ఈ పని మీద ఇద్దరు విద్యార్థులు కావలసి వచ్చిందట, వేరే కాలేజీ పిల్లల్ని తీసేసుకున్నారట. పిల్ల ఆ ఆదివారం అన్నం సరిగ్గా తినలేదు. నాకు దాని మీద కోపం రాలేదు. ఫీజు కట్టించుకుని ఆ గ్రూపులో చేర్చినవాళ్ళ మీద వచ్చింది.

ఇంకొకటి కూడా కనిపించింది నాకు. పెళ్ళికి ముందు అకౌంట్స్‌లో పనిచేసి, పిల్లల కోసం పన్నెండేళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ పనికి వెళ్ళాలనుకున్న స్నేహితురాలు ఒకామె ఉంది. ఈ సైటులో 2012 నుంచి "ఎండార్స్‌మెంట్" అని ఒకటుంది. ఫలానా పని ఈ మనిషికి వచ్చు అని ఒక్క నొక్కుతో సాక్ష్యం చెప్పొచ్చు. మా స్నేహితురాలికి "లీడర్‌షిప్" వచ్చని ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి సాక్ష్యం చెప్పాడట. ఆమెకు నిజంగా వచ్చిన పని, నెలాఖరు లెక్కలు పైసాతో సహా సరిపెట్టడం. దానికి సాక్ష్యం చెప్పగల పాత మేనేజరు రిటైరై ఊళ్ళో ఉన్నాడు, ఆయనకు ఈ సైటే లేదు. ఫోను చేసి అడిగితే మాత్రం గంటసేపు చెబుతాడు.

ఈ లైకుకు గుర్తు పైకెత్తిన బొటనవేలు. ఫేస్‌బుక్ దాన్ని 2009లో పెట్టింది. మన భద్రాచలం అడవి వైపు మాత్రం బొటనవేలికి ఇంకో చరిత్ర ఉంది.

1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఇది నా సంతకం కాదని అనకుండా. 1897లో కలకత్తాలో వేలిముద్రల ఆఫీసు పెట్టారు. మనిషిని మార్చడం కుదరదు, వేలిని మార్చడం కుదరదు, అందుకని వేలిముద్రను మించిన సాక్ష్యం లేదనుకున్నారు. కానీ కాగితంలో ఏముందో తెలియని మనిషి వేలు పట్టుకుని సిరా అద్దిస్తే, ముద్ర నిజమే, సమ్మతి మాత్రం దొంగది. ఏజెన్సీలో కోయల, కొండరెడ్ల భూములు అప్పుల కాగితాల మీద అలా చేతులు మారాయి. అందుకే 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదలాయింపు మీద చట్టం తేవాల్సి వచ్చింది. అప్పట్లో భద్రాచలం తాలూకా మద్రాసు రాజధానిలో ఉండేది. తర్వాత 1959లో ఇంకో చట్టం, దాన్ని గట్టి చేస్తూ 1970లో ఇంకోటి. అక్కడ పిల్లవాడినడిగినా చెప్పే "వన్ ఆఫ్ సెవెంటీ" ఇదే. ఒక దొంగ సమ్మతిని ఆపడానికి మూడు చట్టాలు, ఇంకా బినామీ పేర్ల గోల తీరనేలేదు.

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం వచ్చినప్పుడు మొదటి విడతలోనే మన ఖమ్మం జిల్లా ఉంది. చెరువు మట్టి పనులు, కందకాలు, కూలి. వెంటనే దొంగ మస్టర్లు కూడా వచ్చాయి. పనికి రాని మనిషి వచ్చినట్టు హాజరు, పక్కన వేలిముద్ర. చూడబోతే ఇదీ దొంగ లైకే కదా! కాగితం మీద నలభై మంది, కందకం దగ్గర ఇరవై మంది.

దీనికి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పట్టుకున్న ఉపాయం సామాజిక తనిఖీ. మిషను లేదు, పరిశోధకులు లేరు. చదువుకున్న పల్లె పిల్లలకు శిక్షణ ఇచ్చి, మస్టర్ కాగితాలు చేతికిచ్చి ఇంటింటికీ పంపేవారు. "అక్కా, నువ్వు ఈ పన్నెండు రోజులు పనికొచ్చావా? ఇంత డబ్బు ముట్టిందా?" అని అడిగి రాసుకునేవారు. తర్వాత ఊళ్ళో చెట్టు కింద గ్రామసభ, ఆపైన మండల కేంద్రంలో అధికారుల ఎదుట ప్రజావేదిక. పేర్లు పైకి చదివేవారు. పేరు ఎవరిదో వాళ్ళు లేచి చెప్పాలి. భయపడి లేవనివాళ్ళు ఉన్నారు, మేస్త్రీ మొహం చూసి తడబడినవాళ్ళు ఉన్నారు. వసూలు కావాల్సిన డబ్బంతా వసూలు కాలేదు కూడా.

ఆ సభల్లో ముందుగా నోరు విప్పేది ఆడవాళ్ళే అని అలాంటివి చూసివచ్చిన మా అక్క చెబుతుంది. ఒక పేరు చదువుతారు. కాసేపు ఎవరూ లేవరు. మళ్ళీ చదువుతారు. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ కొంగు దోపుకుని లేచి నిలబడుతుంది.

"ఆ పేరు మా అత్తది సారూ. ఆమె పోయి మూడేళ్ళయింది."

మస్టర్‌లో ఆమె పేరు పక్కన పన్నెండు రోజుల హాజరు, పన్నెండు రోజుల కూలి, కింద బొటనవేలి ముద్ర ఉన్నాయి.